పది మీటర్ల నీళ్లు తేటగా ఉండాలంటే

భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చేపల చెరువు సాగుచేసే రైతుకు నీళ్లు మరీ తేటగా కనిపిస్తే గుబులు పుడుతుంది. పళ్లెం లాంటి బిళ్లను తాడుకు కట్టి చెరువులోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూస్తారు. 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య మాయమైతే నీళ్లలో చేపకు కావలసిన ప్లాంక్టన్ ఉన్నట్టు. అంతకంటే లోతుదాకా కనిపిస్తే చెరువు బలహీనంగా ఉన్నట్టు. ఎరువు వేసి నీటికి ఆకుపచ్చ రంగు తెప్పిస్తారు. ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెకీ 1865లో పోపు ఓడ మీంచి మధ్యధరా సముద్రంలోకి దించి చూసింది ఇలాంటి బిళ్లనే. ఆయన పేరుతోనే అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

అదే బొచ్చె, అదే శీలావతి అద్దాల తొట్టెలోకి చేరితే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆకుపచ్చ రంగు తప్పు, మసక తప్పు, ఆఖరికి పలచటి టీ రంగు కూడా తప్పే. చేప పెరిగే నీళ్లు వేరు, చేపను చూసే నీళ్లు వేరు. చేపలు అందులోనే తిని అందులోనే విసర్జిస్తుండగా, ఈ రెండో రకం నీళ్లను లక్షల లీటర్లలో ఏడాది పొడవునా నిలబెట్టడం ఎలా? నూట డెబ్భై ఏళ్లుగా అక్వేరియం నిర్వాహకులు దీని మీదే తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. జవాబులు చాలానే పోగయ్యాయి. వాటిలో కొన్నింటికి ఒకదానితో ఒకటి పొసగదు కూడా.

తొట్టె పెద్దదైతే కష్టం ఎందుకు పెరుగుతుందో ముందు చూడాలి. నీళ్లు ఎక్కువ కావడం వల్ల కాదు. నిజానికి నీళ్లు ఎక్కువుంటే వేడిలోనూ రసాయన గుణాల్లోనూ మార్పులు నెమ్మదిగా వస్తాయి, చేపలకు అది మేలు. కష్టమంతా చూపు ప్రయాణించే దూరంలో ఉంది. ఒక మీటరు నీళ్లు దాటేసరికి వెలుతురులో పదోవంతు పోతుందనుకుందాం. అడుగున్నర వెడల్పున్న ఇంటి తొట్టెలో ఆ నష్టం కంటికి ఆనదు. పది మీటర్ల తొట్టెలో అదే నీరు పోస్తే, అవతలి గోడ నుంచి బయల్దేరిన వెలుతురులో 35 శాతమే కంటిని చేరుతుంది.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మసక 1 ఎన్‌టీయూ, రంగు 5 హేజెన్ యూనిట్లు దాటకూడదు. గ్లాసులో పట్టి చూస్తే ఆ నీటికి వంక పెట్టలేం. పది మీటర్ల దూరం నుంచి చూడాల్సి వస్తే మాత్రం ఆ నీటిలోనే వెనకనున్న చేప నీడలా కనిపిస్తుంది. సింగపూర్‌లోని రివర్ వండర్స్‌లో అమెజాన్ వరద అడవిని చూపే తొట్టెలో 20 లక్షల లీటర్ల నీళ్లున్నాయి. దాని అద్దం 22 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు. అందులో ఈదేవి మానటీలు, రోజంతా ఆకులూ కూరగాయలూ మేసే భారీ జంతువులు. అంటే తాగునీటి కంటే తేటైన నీటిని ఆ జంతువుల విసర్జనల మధ్య నిలబెట్టాలి.

ప్రకృతిలో అంత తేటనీరు లేకపోలేదు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని బ్లూ లేక్‌లో అడ్డంగా 70 నుంచి 80 మీటర్ల దాకా కనిపిస్తుందని అక్కడి శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఏ నలుసూ లేని స్వచ్ఛమైన నీటికి ఉండే హద్దుకు అది చాలా దగ్గర. ఎగువనున్న కాన్‌స్టాన్స్ సరస్సు నీరు, ఎప్పుడో విరిగిపడిన కొండచరియల రాళ్లగుట్టల్లోంచి ఊరి కిందికి రావడమే దానికి కారణం. బ్రెజిల్‌లో బొనీతో పట్టణం చుట్టూ పారే సుకురి వంటి ఏళ్ల సంగతి వేరు. అక్కడి సున్నపురాయి నుంచి కరిగిన కాల్షియం మట్టి నలుసుల్ని ఒకదానికొకటి అతికించి అడుక్కి దించేస్తుంది. సైబీరియాలోని బైకాల్ సరస్సులో ఎపిషురా అనే జీవి, రొయ్యలకు దూరపు చుట్టం, ఆవగింజంత కూడా ఉండదు, నీటిలోని నాచుకణాల్ని ఆపకుండా వడకట్టి తింటుంది. రాళ్లు వడకట్టడం, రసాయనం అతికించడం, ప్రాణి తినేయడం. అక్వేరియం వాళ్లు వాడే పద్ధతులు చాలావరకు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ఒక్క తేడా ఉంది. ఆ సరస్సుల్లో నీటికీ చేపలకూ ఉండే నిష్పత్తిని ఏ అక్వేరియమూ అందుకోలేదు. బొనీతో ఉన్న రాష్ట్రంలోనే, కాంపో గ్రాందే నగరంలో 2022లో తెరిచిన బయోపార్కె పాంతనాల్ మొత్తం నీరు 50 లక్షల లీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి అక్వేరియంగా దాన్ని చెబుతారు. ఒక ఏటి నీటితో పోలిస్తే అది కూడా చేపలతో కిక్కిరిసిన గదే.

మసకలన్నీ ఒక్కటి కావు. తొట్టెలోంచి తెల్ల బకెట్టుతో కొన్ని నీళ్లు, గాజు గ్లాసుతో కొన్ని నీళ్లు పట్టి పక్కన పెడితే చాలావరకు సంగతి తేలిపోతుంది. బకెట్టులో పసుపుగానో టీ రంగులోనో ఉండి, గ్లాసులో నలుసు లేకుండా కనిపిస్తే అది కరిగిన పదార్థాల పని. చెక్క మొద్దులు, ఎండుటాకులు, కుళ్లిన మేత వదిలే టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు. ఆకుపచ్చగా ఉంటే నీటిలో తేలే ఏకకణ నాచు. గ్లాసును రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మడ్డి చేరి పైన తేరుకుంటే, సరిగా కడగని కొత్త ఇసుకో మట్టో కారణం. ఎంతకీ తేరుకోకుండా పలచటి పాల రంగు మిగిలిపోతే బ్యాక్టీరియా. ఇవేవీ కాక, గ్లాసులో పట్టిన రెండు నిమిషాల్లో మసక పైకి తేలి పోతే అది మురికే కాదు, సన్నటి బుడగలు. పంపు ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. ఈ చిన్న పరీక్ష చేయకుండా దుకాణంలో దొరికిన సీసా కొనుక్కొచ్చి పోయడం వల్ల డబ్బూ చేపలూ రెండూ పోతున్నాయి.

అడుక్కి దిగడం, దిగకపోవడం నలుసు సైజును బట్టి ఉంటుంది. పది మైక్రాన్ల మట్టి రేణువు నిశ్చలమైన నీటిలో మీటరు లోతు దిగడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు పదమూడు రోజులు. సైజు పదోవంతైతే వేగం వందోవంతుకు పడిపోతుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. చేప మలమూ మేత తుంపులూ మట్టి కంటే బాగా తేలిక కాబట్టి, పంపు నడిచే తొట్టెలో సన్నటివి అసలు దిగవు. చేపల పెంపకం శాస్త్రజ్ఞులు తిరుగునీటి తొట్టెల్లో కొలిచి చూస్తే, తేలే రేణువుల్లో సంఖ్యాపరంగా అత్యధికం 20 మైక్రాన్ల లోపువే. మామూలు స్పాంజి వీటిని పట్టలేదు. బ్యాక్టీరియా ఇంకా చిన్నవి, ఒక మైక్రాన్‌కు అటూఇటూ. కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరి సైజు కావడం వల్ల, ఉన్న బరువు కొంచెమే అయినా వెలుతురును విపరీతంగా చెదరగొడతాయి.

తొలిరోజుల్లో ఈ పనంతా మొక్కలకూ నత్తలకూ అప్పగించారు. 1850 ప్రాంతంలో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ఒక గాజుపాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కలను పెట్టాడు. ఆకులు కుళ్లి నీరు చెడింది, గాజుకు పాకుడు పట్టింది. నీటి నత్తల్ని వేశాక అవి కుళ్లినదంతా తినేసి పరిస్థితిని చక్కబెట్టాయి. ఈ సమతుల్యపు ఆలోచన యూరప్ అంతటా వ్యాపించింది. 1853లో లండన్ జూలో ప్రజల కోసం చేపల భవనం తెరిచారు.

పెద్ద తొట్టెలకు ఆ సమతుల్యం చాలదని గట్టిగా గుర్తించినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన ఏర్పాటు చేసిన అక్వేరియంలో, చూపరులకు కనిపించే తొట్టెల కంటే కింద చీకట్లో దాచిన జలాశయం అనేక రెట్లు పెద్దది. రెంటి మధ్యా నీళ్లను పంపులు ఆపకుండా తిప్పేవి. చీకట్లో నాచు పెరగదు, నీరు చల్లగా ఉంటుంది, తొట్టెలో జరిగిన కాలుష్యం పెద్ద నీటిలో కలిసి పలచబడుతుంది. అది సముద్రపు నీటి అక్వేరియం. అయినా ఇవాళ ఇళ్లలో అద్దాల తొట్టె కింది అరలో దాచే సంప్ వెనక ఉన్నది ఇదే ఆలోచన.

లాయిడ్ తర్వాత వచ్చిన మార్పుల్లో పెద్దది ఫిల్టర్. దాని గురించి బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది, ఫిల్టర్ మురికిని తీసేస్తుందని. ఫిల్టర్ మురికిని తీసేయదు, ఒకచోట పోగేస్తుంది. స్పాంజిలో ఇరుక్కున్న మలం మీదుగానే తొట్టె నీళ్లన్నీ గంటకు నాలుగైదుసార్లు పారుతుంటాయి. అది అక్కడే నానుతుంది, కుళ్లుతుంది, నలిగి మరింత సన్నటి నలుసులవుతుంది. పసుపు రంగుగా, అమోనియాగా కరిగి మళ్లీ తొట్టెలోకే వస్తుంది. కంటికి కనిపించడం మానేసిందే తప్ప నీళ్లలోంచి బయటికి పోలేదు. తేటనీటి గురించి తెలుసుకోవలసిన విషయాల్లో దీనికంటే ముఖ్యమైనది లేదు. ఎంత సన్నటి నలుసును పట్టామన్న లెక్క కంటే, పట్టినదాన్ని ఎంత త్వరగా బయటికి పంపామన్న లెక్క పెద్దది.

ఈ దృష్టితో చూస్తే పరికరాల ఎంపిక మారిపోతుంది. పెద్ద అక్వేరియంలలో విరివిగా వాడేది పీడనంతో పనిచేసే ఇసుక ఫిల్టర్. 20 నుంచి 40 మైక్రాన్ల దాకా రేణువుల్ని ఆపుతుంది. ఇసుక నిండాక నీటిని వెనక్కి తిప్పి కడుగుతారు. ఆ మధ్యకాలమంతా మురికి ఇసుకలోనే ఉంటుంది. చేపల పెంపకం నుంచి అక్వేరియంలలోకి వచ్చిన డ్రమ్ ఫిల్టర్ దారి వేరు. 30 నుంచి 60 మైక్రాన్ల సన్నజాలీ చుట్టిన పీపా అది. జాలీ మూసుకుపోగానే పీపా తిరుగుతుంది, పైనుంచి నీటి జల్లు కొట్టి మురికిని కాలువలోకి నెట్టేస్తుంది. జాలీ కన్ను కొంచెం ముతకదే కావచ్చు, కానీ మలం తొట్టె నీటిలో నానే కాలం రోజుల నుంచి నిమిషాలకు తగ్గుతుంది. మరీ సన్నటి నలుసుల కోసం డయాటమ్ మట్టి పూసిన ఫిల్టర్లున్నాయి. కొద్ది మైక్రాన్ల రేణువును సైతం పట్టి నీటికి మెరుగు పెడతాయి. చిటికెలో మూసుకుపోతాయి కూడా, అందుకే వాటిని అవసరం పడినప్పుడు నడపడమే మేలు.

ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పూ ఎత్తూ ఉన్న ఇంటి తొట్టెలో 680 లీటర్ల నీళ్లు పడతాయి. అక్కడ డ్రమ్ ఫిల్టర్ లేకపోవచ్చు. నీరు ముందుగా దాటే దూదిపొరను రెండు మూడు రోజులకోసారి తీసి కడిగినా మార్చినా అదే ఫలితం వస్తుంది. దాని తర్వాత ఉండే సిరామిక్ రింగుల జోలికి మాత్రం అన్నిసార్లు పోకూడదు. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు వాటి మీదే కాపురముంటాయి. ఆ మార్పు చేసే సూక్ష్మజీవుల్ని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. మంచినీటి అక్వేరియంలలో రెండో అంచె పని చేసేది పాఠ్యపుస్తకాలు చెప్పే నైట్రోబాక్టర్ కాదనీ, నైట్రోస్పైరా జాతివనీ టిమ్ హోవనెక్ బృందం 1998లో చూపింది. పేరేదైనా అవి క్లోరిన్‌ను తట్టుకోలేవు. రింగుల్ని కుళాయి కింద కడిగితే అవి చస్తాయి, మర్నాటికి తొట్టె పాలలా మసకబారుతుంది. తొట్టె నీళ్లలోనే జాడించాలి, అదీ ఒకసారికి సగమే.

పంపు ఎంత పెద్దదైతే అంత మంచిదన్న మాట కూడా సగమే నిజం. తొట్టెలో ఎన్ని లీటర్లుంటే గంటలో అన్ని లీటర్లు ఫిల్టర్ గుండా పోయాయంటే, నీళ్లన్నీ ఒక్కసారి వడకట్టినట్టు కాదు. శుభ్రమైన నీరు మురికి నీటిలోనే వచ్చి కలుస్తుంది కాబట్టి, కొంత నీరు రెండుసార్లు వడకడుతుంది, కొంత అసలు వడకట్టదు. లెక్కగడితే ఒక చుట్టుకు 63 శాతం నీరే ఫిల్టర్‌ను చూస్తుంది. 99.9 శాతానికి ఏడు చుట్లు కావాలి. ఈత కొలనుల కోసం గేజ్, బిడ్‌వెల్ అనే ఇద్దరు 1926లో వేసిన లెక్క ఇది. నీళ్లన్నీ చక్కగా కలుస్తాయనుకుంటేనే అదైనా. తొట్టె మూలల్లో, బండల వెనక కదలిక లేని చోట్లు ఉంటే పంపు సామర్థ్యం రెట్టింపు చేసినా అక్కడి మడ్డి కదలదు. పంపు మార్చేముందు నీటి ధార దిక్కు మార్చి చూడటం ఖర్చులేని వైద్యం.

అన్నిటికంటే చవకైనది మేత తగ్గించడం. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత కిలో వేస్తే, అందులో 250 నుంచి 300 గ్రాములు ఘనవ్యర్థంగా, సుమారు 30 గ్రాముల నైట్రోజన్ అమోనియాగా నీటిలో చేరుతుందని చేపల పెంపకం లెక్కలు చెబుతాయి. తొట్టెలోకి రోజూ వచ్చిపడే మసకకు ద్వారం అదొక్కటే. ఇంట్లో వచ్చినవాళ్లల్లా చిటికెడు మేత వేస్తుంటే ఏ యంత్రమూ దాని వెంట పరుగెత్తలేదు. పెద్ద చేపలకు వారంలో ఒకరోజు పస్తు పెట్టడం చాలా అక్వేరియంలలో మామూలే.

గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు తీరపు ఊళ్లలో చిల్లగింజను అరగదీసి కడవలో కలిపేవారు. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి చేరి నీళ్లు తేరుకునేవి. పటిక చేసేదీ అదే. మట్టి నలుసులు రుణ విద్యుదావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చల్లార్చగానే అవి గుంపు కట్టి దిగిపోతాయి. అక్వేరియం దుకాణాల్లో నీటిని తేటపరిచేవిగా అమ్మే ద్రావకాలు ఈ కోవలోవే, పటికకు బదులు పాలిమర్లు వాడతారు.

కడవలో చేపలు లేవన్నది ఇక్కడ మరవకూడని సంగతి. గ్రాము పటిక దాదాపు అర గ్రాము క్షారతను మింగేస్తుంది. క్షారత తక్కువున్న మెత్తటి నీటిలో దాంతో ఆమ్లగుణం ఒక్కసారిగా పెరిగి, కరిగిన అల్యూమినియం చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటికతోపాటు సున్నం కలపడం ఈ క్షారత నిలబెట్టడానికే. పాలిమర్ మోతాదు మించినా మొప్పలకు అంటుకుంటుంది. మట్టి వల్ల వచ్చిన మసకకు ఒక్కసారి, తగిన కొలతలో వాడితే ఇవి మంచి పనిముట్లే. నెలనెలా వాడాల్సి వస్తోందంటే మట్టి కాదు కారణం, ఇంకేదో ఉంది. గుంపు కట్టి ఫిల్టర్‌లో చేరినదాన్ని ఆ రోజే కడిగేయకపోతే చేసిన పని వృథా.

ఆకుపచ్చ నీటికి మాత్రం తిరుగులేని మందు అతినీలలోహిత దీపం. 254 నానోమీటర్ల కిరణం నాచుకణాల డీఎన్ఏను దెబ్బతీస్తే అవి విభజన చెందలేవు. కొద్ది రోజుల్లో నీరు తేటపడుతుంది. ఆ దీపానికీ హద్దులున్నాయి. మట్టి మసకను అది ఏమీ చేయలేదు. టీ రంగు నీరు ఆ కిరణాల్నే మింగేస్తుంది. దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టానికి సున్నం పొర పట్టినా అంతే. బోరు నీళ్లున్న తెలుగు ఊళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ఎనిమిది తొమ్మిది వేల గంటలు, అంటే సుమారు ఏడాది గడిచాక దీపం నీలంగా వెలుగుతూనే ఉన్నా పనిచేసే కిరణం బాగా తగ్గిపోయి ఉంటుంది. చచ్చిన నాచు కూడా నీటిలోనే ఉంటుంది కనుక, దాన్ని వడకట్టి బయట పారబోసేదాకా అది మరో నాచుకు ఎరువే.

టీ రంగును తీయడానికి కొబ్బరిచిప్ప బొగ్గుతో చేసే యాక్టివేటెడ్ కార్బన్ వాడతారు. కొద్ది వారాల్లో దాని రంధ్రాలు నిండిపోతాయి, మార్చాల్సిందే. పెద్ద సంస్థలు ఓజోన్ వైపు మొగ్గుతాయి. రంగునిచ్చే అణువుల్లోని జంట బంధాల్ని ఓజోన్ తెగ్గొడుతుంది, సన్నటి నలుసుల్ని గుంపు కట్టిస్తుంది కూడా. చేపలకు అది విషం. అందుకే వేరే గదిలో నీటికి కలిపి, మిగులును పూర్తిగా తీసేశాకే తొట్టెలోకి వదులుతారు. ఇళ్లలో దాని జోలికి పోకపోవడం మంచిది, మనుషుల ఊపిరితిత్తులకూ హానే. సముద్రపు నీటి అక్వేరియంలకు నురగతో మురికి తీసే స్కిమ్మర్ ఉంది. మంచినీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి కాబట్టి ఆ పరికరం అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. మంచినీటి తొట్టె నడిపేవారికి ఒక ఆయుధం తక్కువన్నమాట.

దీపాలతో, ఓజోన్‌తో సూక్ష్మజీవుల్ని తుడిచిపెట్టడం మంచిదేనా అన్నది ఇంకా తెగని వాదం. నార్వేలో ఒలావ్ వాడ్‌స్టైన్, ఆయన సహచరులు సముద్రపు చేపపిల్లల తొట్టెల మీద ఏళ్ల తరబడి చేసిన పని ఇక్కడ చాలా విలువైనది. తిండి మిగిలి ఉన్న నీటిలో ఉన్న బ్యాక్టీరియాను చంపితే, ఆ ఖాళీలోకి వేగంగా పెరిగే అవకాశవాద రకాలు చొరబడతాయి. వాటిలో చేపలకు చేటు చేసేవి ఎక్కువ. నీటిలోని తిండికి సరిపడా బ్యాక్టీరియాను నెమ్మదిగా స్థిరపడనిస్తే చేపపిల్లలు బాగా బతికాయి. కొత్త తొట్టె రెండో వారంలో పాలలా మసకబారినప్పుడు మందు పోయకుండా, మేత దాదాపు ఆపి, గాలి బాగా పెట్టి, ఓపిక పట్టమని పాతకాపులు చెప్పే సలహాకు ఈ పరిశోధన బలమిస్తోంది. తొట్టె పూర్తిగా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు మామూలుగా పడుతుంది.

మొక్కలతో తేటదనం సాధించిన గొప్ప ఉదాహరణ లిస్బన్‌లో ఉంది. 2015లో జపాన్ కళాకారుడు తకాషి అమానో అక్కడి ఓషనారియోలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల మంచినీటి అడవిని కట్టాడు. పదివేల చేపలున్నా అవి చాలావరకు చిన్న చేపలే. చిక్కగా పెరిగే మొక్కలు అమోనియాను వచ్చింది వచ్చినట్టే పీల్చేసుకుంటాయి. లోతులేని సరస్సుల్లోనూ ఇదే కనిపిస్తుందని డచ్ శాస్త్రజ్ఞుడు మార్టెన్ షెఫర్ బృందం 1993లో చెప్పింది. పోషకాలు ఒకే స్థాయిలో ఉన్నా సరస్సు మొక్కలతో తేటగానైనా, నాచుతో మసకగానైనా నిలబడగలదు. ఒకసారి మసక వైపు ఒరిగితే తిరిగి రావడం కష్టం. అక్వేరియంలో మొదటిరోజునుంచే మొక్కలు దట్టంగా నాటమని అమానో సంప్రదాయం చెప్పేది ఇందుకే. అయితే కొయ్, గోల్డ్‌ఫిష్, పెద్ద వాలుగ జాతుల తొట్టెలో ఈ దారి మూసుకుపోయినట్టే. అవి అడుగంతా తవ్వి మొక్కల్ని పెకలించేస్తాయి.

నీళ్లు బాగానే ఉన్నా వెలుతురు వల్ల మసకగా కనిపించడమూ ఉంది. దీపాన్ని చూసేవాళ్ల వైపు నుంచి వేస్తే, పొగమంచులో హెడ్‌లైట్లు వేసినట్టు, ప్రతి నలుసూ వెలుతురును వెనక్కి కొడుతుంది. పైనుంచి, కొంచెం వెనకగా వేస్తే అదే నీరు లోతుగా, తేటగా కనిపిస్తుంది. రూపాయి ఖర్చులేని ఈ మార్పును ఇళ్లలో ఎందుకో ఎవరూ చేసి చూడరు.

తేటగా ఉన్న ప్రతి నీరూ చేపకు మంచిదనుకుంటే ప్రమాదం. అమోనియాకు రంగు లేదు. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు దానిలో విషరూపం ఒక శాతంలోపే. పీహెచ్ 8కి పెరిగితే ఐదు శాతం దాటుతుంది. గట్టి బోరు నీళ్లు పోసిన తొట్టెలో అద్దంలా మెరిసే నీటిలోనే చేపలు పైకి తేలి చావడం ఇలాగే జరుగుతుంది. మరోవైపు, బ్రెజిల్‌లోని రియో నెగ్రో నీరు చిక్కటి టీ రంగులో ఉంటుంది. కార్డినల్ టెట్రాలు పుట్టిపెరిగేది అందులోనే. వాటిని పెంచేవాళ్లు మన వీధుల్లో నీడకోసం పెంచే బాదం చెట్టు ఎండుటాకుల్ని కావాలని తొట్టెలో వేస్తారు. ఆ రంగును చెడిపోయిన నీరుగా చూసి బొగ్గు పెట్టి తీసేయడం ఆ చేపలకు చేసే మేలేమీ కాదు. నలుసుల మసకను తగ్గించి రంగును ఉంచేసే ప్రదర్శనలు మరిన్ని రావాలి.

చివరికి పైన చెప్పిన యంత్రాలేవీ పూర్తిగా తీయలేనివి నైట్రేట్, కొంత మొండి పసుపు రంగు. వాటికి నీళ్లు మార్చడమే దారి. అయిదుసార్లు పదేసి శాతం మారిస్తే పాత నీటిలో 59 శాతం మిగిలిపోతుంది, ఒక్కసారి సగం మారిస్తే 50 శాతమే. లెక్క రెండోదాని వైపున్నా, చేపలు అంత మార్పును ఒక్కసారిగా భరించగలవా అన్నది కొత్త నీరు పాతదానికి ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది. కుళాయి నీరైతే యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ కలపకుండా పోయకూడదు.

వేసవిలో ట్యాంకర్ కోసం కాచుకునే హైదరాబాద్ వంటి నగరంలో వారానికి రెండు వందల లీటర్లు పారబోయడం చిన్న విషయం కాదు. పారబోయనక్కర్లేదు కూడా. తొట్టె నుంచి తీసిన నీళ్లలో, స్పాంజి పిండిన మడ్డిలో ఉన్నది నైట్రేట్, ఫాస్ఫేట్, సేంద్రియ పదార్థం. మిద్దె మీది వంగ, టమాటా కుండీలకు అదే ఎరువు. ఉప్పు గానీ రాగి ఉన్న మందులు గానీ వేసిన వారాల్లో మాత్రం ఆ నీళ్లు మొక్కలకు పోయకూడదు.